పాత కార్డు, కొత్త కార్డు, నాయిన చూపు

నా దగ్గర ఒక రూళ్ల నోటుబుక్కు ఉంది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. అందులో ఒక పేజీని నిలువుగా గీత కొట్టి రెండు చేశాను. ఎడమ పక్క పైన ‘పాత కార్డు’ అనీ, కుడి పక్క పైన ‘కొత్త కార్డు’ అనీ ఆకుపచ్చ సిరాతో రాసి, కింద రెండేసి గీతలు కూడా కొట్టాను. ఆ పేజీ రాసిన రోజుల్లో నల్లగొండ మొత్తంలో నా అంత తెలివైనది లేదని నాకు గట్టి నమ్మకం. ఆ తెలివి మా నాయిన కళ్లకు అడ్డం పడింది. ఆయన చూపు పోతోందని గుర్తుపట్టాల్సిన నెలల్లో నేను కూర్చుని కార్డులు పోల్చాను. ఈ సంగతి దాచిపెట్టి ఆఖర్న చెప్పేంత ఓపిక నాకు లేదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

కార్డంటే కంప్యూటర్ డబ్బా లోపల నిలువుగా గుచ్చే ఒక పచ్చటి పలక. మీద నల్లటి చిప్పులు ఉంటాయి, ఒక చివర మానిటర్ వైరు తగిలించే మూతి ఉంటుంది. తెర మీద బొమ్మ వేసే పని దానిదే. ఇప్పటి పిల్లలు గ్రాఫిక్స్ కార్డు అంటారు. మేం డిస్‌ప్లే కార్డు అనేవాళ్లం. అది లేకపోతే కంప్యూటర్ లోపల ఎంత పని చేసినా మనకు నల్లటి గాజు తప్ప ఏమీ కనిపించదు. ఈ మాట నేను మా దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేదాన్ని. అడగనివాళ్లకు కూడా చెప్పేదాన్ని.

మా నాయిన పెయింటర్. గోడలకు సున్నాలు వేసే పెయింటర్ కాదు, బోర్డులు రాసే పెయింటర్. ఎనభైల్లో నార్కట్‌పల్లి నుంచి నకిరేకల్ దాకా హైవే పక్కన ఉన్న హోటళ్లు, పంక్చర్ దుకాణాలు, ఎరువుల కొట్లు, ధాన్యం కొనే కొట్లు, వీటి బోర్డుల్లో సగం ఆయన చేతివే. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మూడూ రాసేవాడు. ఉర్దూ చదవడం మాత్రం రాదు. ఎవరైనా కాగితం మీద రాసిస్తే దాన్ని చూసి దించేవాడు, చదవగలిగినవాళ్లు వచ్చి మెచ్చుకుని పోయేవాళ్లు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఇంట్లో మేమిద్దరమే. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు నేను తీర్చేదాన్ని.

ఆయన పనికి ఒక పద్ధతి ఉండేది. సుద్ద పూసిన దారాన్ని బోర్డుకు అడ్డంగా బిగబట్టి టప్పుమని కొట్టి గీతలు వేసుకునేవాడు. రెండు మూడు అక్షరాలు రాయగానే నిచ్చెన దిగి, బోర్డు మీది నుంచి చూపు తిప్పకుండా వెనక్కి నడిచేవాడు. పది అడుగులు. అక్కడ నిలబడి, తల ఒక పక్కకు వంచి చూసి, మళ్లీ వెళ్లి నిచ్చెనెక్కేవాడు. ఒక్క బోర్డు పూర్తయ్యేసరికి ముప్పై సార్లైనా అట్లా వెనక్కి నడిచేవాడు. “దగ్గర నిలవడితె అక్షరమే కనవడ్తది బిడ్డా, జర యెనకకు పోతె బోర్డు మొత్తం కనవడ్తది” అనేవాడు. ఈ వెనక్కి నడవడాన్ని గుర్తుపెట్టుకోండి. నేను దాన్ని చూస్తూ పెరిగాను కాబట్టే మోసపోయాను.

తొంభైల్లో స్టిక్కర్ అక్షరాలు వచ్చాయి. ప్లాస్టిక్ షీటు కోసి అతికించడమే, ఒక్క పూటలో బోర్డు తయారు. నాయినకు పని తగ్గింది. నెలకు రెండు బోర్డులు వస్తే ఎక్కువ. ఆయన బ్రష్షులను కిరోసిన్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, అటక మీద వరసగా పెట్టాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. హైదరాబాద్‌లో ఆరు నెలలు డీటీపీ కోర్సు నేర్చుకుని వచ్చి, నల్లగొండలో క్లాక్ టవర్‌కు కాస్త ఇవతల ఒక గది కిరాయికి తీసుకుని, పాత కంప్యూటర్ ఒకటి పెట్టాను. కరపత్రాలు, రసీదు బుక్కులు, పెళ్లి పత్రికలు కంపోజు చేసి ఆఫ్‌సెట్ ప్రెస్సుకు ఇచ్చేదాన్ని. ఆడపిల్ల దుకాణం పెట్టిందని చూడటానికి వచ్చినవాళ్లు కూడా ఏదో ఒక పని ఇచ్చి పోయేవాళ్లు.

నాయిన మొదటి నెల గది గుమ్మంలోనే కూర్చున్నాడు. రెండో నెల నా వెనక నిలబడ్డాడు. మూడో నెల మౌస్ పట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి, నలభై ఏళ్లు బ్రష్షు పట్టిన చేయి, అది మౌస్‌ను కూడా బ్రష్షులాగే వేళ్ల కొసలతో పట్టుకునేది. పెళ్లి పత్రికకు చుట్టూ వేసే తీగలు, మూలల్లో వచ్చే పూలు, మామిడి పిందెలు ఆయన గీయడం మొదలుపెట్టాక మా పత్రికలకు పేరు వచ్చింది. నకిరేకల్ నుంచి, సూర్యాపేట నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. జీవితంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు వేరే లేవు.

ఆయనకు తెర మీద రంగులే నచ్చేవి కావు. మా పాత కార్డు రెండు వందల యాభై ఆరు రంగులే చూపేది. గులాబీ రేకు ఎరుపు నుంచి తెలుపుకు మెల్లగా తేలాలంటే, మెట్లు మెట్లుగా, గరుకు గరుకుగా వచ్చేది. “గిది రంగు గాదు బిడ్డా, ఇసుక సల్లినట్లున్నది” అనేవాడు. నేను నవ్వి కార్డు చిన్నది నాయినా, కార్డు చిన్నది అనేదాన్ని. నిజంగానే చిన్నది. కాబట్టి ఆ తరవాత ఆయన తెర గురించి ఏం చెప్పినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

ఒక పొద్దున ఆయన ఏదో పత్రికకు తీగ గీస్తూ ఆగిపోయాడు.

“బిడ్డా, గీ తెర అంచులు తెగుతున్నయి.”

“ఏ పక్కన?”

“రెండు దిక్కుల. నడుమ మంచిగనే కనవడ్తాంది. పక్కలకు పొయ్యేసరికి ఏదో తెగినట్ల అయితాంది.”

నేను కుర్చీ లాక్కుని కూర్చుని ఆయనకు పాఠం చెప్పాను. తెర అంటే చుక్కలు నాయినా. మనది అడ్డంగా ఆరు వందల నలభై, నిలువుగా నాలుగు వందల ఎనభై. పేజీ పెద్దది, చుక్కలు తక్కువ, అందుకే పేజీ మొత్తం పట్టదు, అంచులు తెగుతాయి. కొత్త కార్డుల్లో అడ్డంగా వెయ్యీ ఇరవై నాలుగు చుక్కలు వస్తాయి. ఇట్లా చెప్పుకుంటూ పోయాను. చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. ఆయన శ్రద్ధగా విని తల ఊపాడు. నా కూతురికి ఎంత తెలుసో అన్న గర్వం ఆయన ముఖంలో కనిపించింది. ఆ గర్వాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ రోజే నోటుబుక్కులో ఆ పేజీ మొదలుపెట్టాను. మొదటి లైను: ‘అంచులు’. పాత కార్డు కింద ‘తెగుతున్నాయి’ అని రాశాను. కొత్త కార్డు కింద ఖాళీ వదిలాను.

ఆ తరవాత నాకు అదొక పిచ్చి పట్టుకుంది. ప్రెస్సు పని మీద హైదరాబాద్ పోయినప్పుడల్లా విడిభాగాలు అమ్మే దుకాణాల చుట్టూ తిరిగి కరపత్రాలు తెచ్చుకునేదాన్ని. తిరుగు బస్సులో నార్కట్‌పల్లి వచ్చేదాకా వాటినే చదివేదాన్ని. మెమరీ: పాతదానికి అర మెగాబైటు, కొత్తదానికి నాలుగు మెగాబైట్లు, అంటే ఎనిమిది రెట్లు. చుక్కలు: పాతదానికి మూడు లక్షల చిల్లర, కొత్తదానికి ఏడు లక్షల ఎనభై ఆరు వేలు. తెరను సెకనుకు ఎన్నిసార్లు తిరగరాస్తుంది: పాతది అరవై, కొత్తది డెబ్బై ఐదు, మానిటర్ ఒప్పుకుంటే. గుచ్చే గాడి: పాతదానికి పొడుగు నల్ల గాడి, కొత్తదానికి పొట్టి తెల్ల గాడి. మా డబ్బాలో తెల్ల గాడి ఒకటి ఖాళీగా ఉందని టార్చి వేసి చూసుకుని మురిసిపోయాను. ఒక కంపెనీది రాసి కొట్టేసి, ఇంకో కంపెనీది రాసి, రెండు మెగాబైట్లు చాలా, నాలుగు కావాలా అని వారాల తరబడి నాతో నేనే వాదించుకున్నాను. ఎడమ కంటే కుడి ఎప్పుడూ పెద్దది. ఆ లెక్కలు చూస్తుంటే కడుపు నిండినట్టుండేది.

ఆ నెలల్లోనే నాయిన వస్తువులకు తగలడం మొదలైంది. గుమ్మం పక్కన పెట్టిన కాగితం కట్టలను తన్నుకునేవాడు. పత్రిక చూసుకోవడానికి వచ్చిన ఒకావిడ పక్కన స్టూలు మీద పెట్టుకున్న చాయ్ గ్లాసును మోచేత్తో పడగొట్టాడు. ఆవిడ చీర మీద పడింది. నేను అందరి ముందూ కసిరాను, ధ్యాస ఎక్కడ పెట్టినవ్ నాయినా అని. ఆయన గుడ్డ తెచ్చి నేల తుడిచాడు. తెర ముందు కూర్చున్నప్పుడు కుర్చీని వెనక్కి వెనక్కి జరుపుకునేవాడు. ఒక్కోసారి కుర్చీ గోడకు తగిలేది, మౌస్ వైరు చాలక ఆయన చేయి బారుగా చాపి గీసేవాడు. నేను చూసి నవ్వుకున్నాను. బోర్డుల అలవాటు పోలేదు, వెనక్కి నడిచే పెయింటర్ వెనక్కే నడుస్తాడు అనుకున్నాను. ఇరుకైపోతున్న చూపులో తెర మొత్తం పట్టాలని ఆయన దూరం జరుగుతున్నాడని నాకెట్లా తట్టాలి? తట్టాల్సింది. ఆయన ఎదురుగా కూర్చున్నది నేను.

మా పక్క గది ఒక దర్జీ చాచాది. గుమ్మంలోనే మిషను వేసుకుని, నోట్లో రెండు గుండుసూదులు పట్టుకుని కుట్టేవాడు. నోట్లో సూదులుంటాయి కాబట్టి వచ్చీపోయేవాళ్లకు మాటతో కాకుండా చేయెత్తి సలాం చేసేవాడు. నాయినకూ ఆయనకూ ఇరవై ఏళ్ల స్నేహం. ఒక రోజు సూదులు తీసి డబ్బాలో వేసి నన్ను పిలిచాడు.

“బేటీ, మీ నాయినను నేనేమన్న అన్ననా?”

“ఏమైంది చాచా?”

“రోజు నా ముంగటికెల్లే పోతుండు. పక్కకెల్లి సలాం జేస్తె సూడనట్లే పోతడు. కంప్యూటర్ వచ్చినంక పెద్దమనిషైండా ఏంది?”

మనసు కష్టపెట్టుకున్నాడని తెలిసి నాయినను మళ్లీ కసిరాను. నాయిన బిత్తరపోయాడు. “నేను సూడలే బిడ్డా, సూస్తె పలుకనా?” అని అప్పటికప్పుడు వెళ్లి చాచా రెండు చేతులూ పట్టుకున్నాడు. చాచా ఆయన ముఖంలోకి కాసేపు చూసి నా దగ్గరికి వచ్చాడు.

“బేటీ, నారాజ్ కాకు. మీ నాయినను జర కండ్ల దవాఖానకు తీస్కపో.”

నాకు కోపం వచ్చింది. దర్జీకి ఏం తెలుసు అనుకున్నాను. మా నాయిన కళ్ల సంగతి నేను అక్కడికక్కడే రుజువు చేస్తానని తెర మీద నాలుగు లైన్లు టైపు చేసి, అక్షరాన్ని ఆరు పాయింట్లకు తగ్గించాను. మందు సీసాల మీద ఉంటుందే, అంత చిన్న అక్షరం. నాయినను కూర్చోబెట్టి చదవమన్నాను. గడగడా చదివాడు. ఒక అక్షరం తడబడలేదు.

“సూసినవా చాచా? గీ అక్షరం నీకు కనవడ్తదా, నాకు కనవడ్తదా? కండ్లు మంచిగనే ఉన్నయి. తక్లీఫ్ అంత కార్డుది.”

చాచా వెళ్లి సూదులు నోట్లో పెట్టుకున్నాడు. డీటీపీ చేసేవాళ్లకు చూపంటే అక్షరం చదవడమే. చిన్న అక్షరం చదివితే చూపు బాగున్నట్టు. నేను వేరే ఏ కొలతా ఎరగను.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే నాయిన అడిగాడు. ఆ మాటలు ఎట్లా అన్నాడో, ఏ మలుపు దగ్గర అన్నాడో కూడా నాకు గుర్తుంది.

“ఓపారి దవాఖానకు పోయొద్దామా బిడ్డా? సూపెట్టుకుంటె ఓ ఫికర్ తప్పుతది.”

“ముందుగాల కార్డు మారుద్దాం నాయినా. గప్పటికి గూడ గట్లనే ఉంటె పోదాం.”

“సరే బిడ్డా. నువ్వెట్లంటె గట్లనే.”

ఆయన జీవితంలో నన్ను తన కోసం అడిగినవి చాలా తక్కువ. అది ఒకటి.

కొత్త కార్డు కొనేసరికి మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. నాలుగు మెగాబైట్లదే తెచ్చాను. డబ్బా విప్పి, నల్ల గాడిలోంచి పాతది పీకి, తెల్ల గాడిలో కొత్తది గుచ్చి, మర బిగించి, స్విచ్చు వేశాను. తెర వచ్చింది. కిటికీకి మాసిన పరదా తీసేసినట్టు ఉంది. పెళ్లి పత్రిక నాలుగు మూలలతో సహా తెర మీద నిలబడింది. గులాబీ రేకు ఎక్కడా మెట్టు లేకుండా ఎరుపు నుంచి తెలుపుకు తేలింది. నేను గంతులు వేశాను.

నాయిన కుర్చీని గోడదాకా జరుపుకుని కూర్చుని చాలాసేపు చూశాడు.

“ఎన్ని రంగులే గిండ్ల?”

“కోటీ అరవై ఏడు లక్షలు.”

ఆయన నవ్వాడు. “నేను బతుకంత ఏడు డబ్బలతోని ఎల్లదీసిన.”

“అంచులు కనవడ్తున్నయా నాయినా?”

“కనవడ్తున్నయి బిడ్డా. నాలుగు మూలలు కనవడ్తున్నయి.”

ఆయన అబద్ధం చెప్పలేదు. చుక్కలు ఎక్కువైతే అదే తెర మీద ప్రతిదీ చిన్నదైపోతుంది. పత్రిక మొత్తం ముడుచుకుని తెర నడుమకు వచ్చింది, ఆయనకు మిగిలిన చూపులో సరిగ్గా పట్టింది. మిగిలిన కాస్త చూపుకు తగ్గట్టు నేనే లోకాన్ని చిన్నది చేసి ఇచ్చాను. నోటుబుక్కు తీసి, ఖాళీ వదిలిన చోట ‘కనిపిస్తున్నాయి’ అని రాసి, పక్కన పెద్ద టిక్కు పెట్టాను. దవాఖాన మాట ఇంట్లో మళ్లీ రాలేదు. ఇంకో ఏడాది అట్లాగే గడిచిపోయింది.

ఆ ఏడాది తరవాత నకిరేకల్‌లో ఎరువుల కొట్టు పెద్దమనిషి ఒకాయన కబురు పెట్టాడు. స్టిక్కర్ అక్షరాలు ఎండకు పొరలు లేచాయట, పాత రోజుల్లో రాసినట్టు పెయింటుతోనే రాయమన్నాడు. నాయిన ముఖం వెలిగిపోయింది. అటక మీది నుంచి బ్రష్షులు దించాడు, వెంట్రుకలు విరిగిపోయినవి ఏరి పారేశాడు. తెల్లారి మొదటి బస్సుకే పోయాడు. నేను దుకాణం వదిలి పోలేదు.

మధ్యాహ్నం కొట్టాయన ఫోను చేశాడు. నాయిన మూడు అక్షరాలు రాసి, నిచ్చెన దిగి, బోర్డు మీది నుంచి చూపు తిప్పకుండా వెనక్కి నడిచాడు. పది అడుగులు. పక్క నుంచి గడ్డి మోపుతో సైకిలు మీద వస్తున్న ఒక రైతు బెల్లు కొట్టాడట, ఈయన పక్కకు తప్పుకోబోయి సరిగ్గా సైకిలుకే అడ్డం వెళ్లాడు. కింద పడి కుడి చేయి విరిగింది. నేను దుకాణం మూసి పరుగెత్తాను.

కట్టు కట్టిన డాక్టరు ముసలాయన, నెమ్మదస్తుడు. సైకిలు కనిపించలేదా అని అడిగి, నాయినను తన ముక్కు వైపే చూడమన్నాడు. తన చేయి పక్కకు చాపి మూడు వేళ్లు చూపించాడు.

“ఎన్ని వేళ్లు?”

“ఏ వేళ్లు సార్?” అన్నాడు నాయిన.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ వేళ్లు నాకు కనిపిస్తున్నాయి. డాక్టరు చేతిని కొంచెం లోపలికి తెచ్చాడు, ఇంకొంచెం తెచ్చాడు. దాదాపు ముక్కు ముందుకు వచ్చాక నాయిన “మూడు” అన్నాడు.

హైదరాబాద్‌లో కళ్ల దవాఖానలో ఒక తెల్లటి పెద్ద గిన్నె లాంటి మిషనులో నాయిన ముఖం పెట్టించారు. నడిమి చుక్కనే చూస్తూ ఉండాలి, ఎక్కడైనా చిన్న వెలుగు మెరిస్తే చేతిలో ఉన్న బొత్తాం నొక్కాలి. నేను పక్కన నిలబడి విన్నాను. బొత్తాం చప్పుడు చాలా తక్కువసార్లు వినిపించింది. మధ్య మధ్యలో నాయిన “అయిపాయెనా?” అని అడిగేవాడు. అవ్వలేదు. వెలుగులు మెరుస్తూనే ఉన్నాయి.

తరవాత డాక్టరమ్మ ఒక కాగితం నా ముందు పెట్టింది. అది చుక్కల బొమ్మ. నడుమ గుప్పెడంత తెలుపు, చుట్టూ నలుపు. చుక్కల లెక్కలు చదవడం నాకెవరూ నేర్పక్కర్లేదు.

“నీటికాసుల జబ్బు అంటారమ్మా, గ్లాకోమా. నొప్పి ఉండదు. అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. నడిమి చూపును ఆఖరిదాకా ముట్టుకోదు. అక్షరాలు చదువుతున్నారు కదా అని ఇంట్లోవాళ్లు కూడా కనిపెట్టలేరు. పక్కలు కనిపించడం లేదని ఆయన ఎప్పుడైనా చెప్పారా? ఎన్నాళ్లయింది?”

సంచిలో నోటుబుక్కు ఉంది. ఆ రోజు తారీకుతో సహా చెప్పగలను. మొదటి లైనే అది. “రెండేండ్లు కావస్తున్నది మేడం” అన్నాను. ఆవిడ నన్నేమీ అనలేదు. పోయింది తిరిగి రాదని, ఉన్నదాన్ని నిలబెట్టడానికి కంట్లో వేసే చుక్కల మందు ఇస్తానని, అప్పుడే వచ్చి ఉంటే చాలా మిగిలేదని మెల్లగా చెప్పింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచాను. బయట బల్ల మీద కూర్చున్న నాయిన, నేను పక్కకు వచ్చి నిలబడినా గుర్తించలేదు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. అప్పుడు నవ్వాడు.

మందు వేశాం. రోజుకు రెండు పూటలు, ఒక్క పూట తప్పలేదు. ఆరు నెలలకు మళ్లీ ఆ గిన్నె పరీక్ష చేశారు. కొత్త కాగితం ఇచ్చారు. ఇంటికి వచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. అలవాటు కదా. ఎడమ పక్క పాతది, కుడి పక్క కొత్తది. కార్డుల పేజీలో కుడి పక్క ప్రతి అంకె పెద్దది. ఇక్కడ కుడి పక్కన తెలుపు చిన్నదైంది. అప్పుడు ఏడ్చాను, మొదటిసారి గట్టిగా. తరవాత ఆపరేషన్ కూడా చేయించాం. అది చీకటిని కాస్త ఆలస్యం చేసింది, అంతే.

ఆ తరవాత కూడా నాయిన కొన్నాళ్లు దుకాణానికి వచ్చాడు. చాచా పొద్దున్నే నోట్లోంచి సూదులు తీసేవాడు, మిషను దగ్గర నుంచి లేచేవాడు, వీధిలోకి దిగి చుట్టూ తిరిగి నాయినకు సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడి సలాం చేసేవాడు. మోకాళ్ల నొప్పుల మనిషి. ఒక్క రోజు కూడా కూర్చున్న చోటు నుంచి చేయెత్తలేదు. “చాచా, నువ్వు చెప్పినప్పుడే ఇని ఉంటె” అని నేను మొదలుపెడితే, “ఛోడో బేటీ” అని లోపలికి పోయేవాడు.

తొంభైలు అయిపోయేసరికి నాయినకు వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియని స్థితి వచ్చింది. అప్పటికి మా నాలుగు మెగాబైట్ల కార్డు కూడా పాతబడిపోయింది. పదహారు, ముప్పై రెండు మెగాబైట్లవి వచ్చాయి. వాటి లెక్కలు నేను రాసుకోలేదు. కరపత్రం ఎవరైనా ఇచ్చినా చదవబుద్ధి కాలేదు.

ఒక ఆదివారం పగటిపూట సామాన్లు సర్దుతుంటే నోటుబుక్కు బయటపడింది. నాయిన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాగితాల చప్పుడు విని ఏందని అడిగాడు. చెప్పాను.

“గా కార్డుల లెక్కనా? సదువు బిడ్డా. నువ్వు సదువుతుంటె మస్తు ముచ్చటగుంటుండె.”

చదివాను. మెమరీ, పాతది అర, కొత్తది నాలుగు. చుక్కలు, పాతది మూడు లక్షలు. రంగులు, కొత్తది కోటీ అరవై ఏడు లక్షలు. ఆయన ప్రతిదానికీ తల ఊపుతూ విన్నాడు, మొదటి రోజు విన్నట్టే. చివరిదాకా చదివి పుస్తకం మూశాను.

“మొదటిది ఇడిసిపెట్టినవు” అన్నాడు.

పుస్తకం మళ్లీ తెరిచాను. అంచులు. పాత కార్డు, తెగుతున్నాయి. కొత్త కార్డు, కనిపిస్తున్నాయి. చదివాను.

“నాయినా, దవాఖానకు పోదామని నువ్వడిగినవు. నేనే కార్డు ముందుగాల అన్న.”

“యాదికున్నది బిడ్డా.”

ఇన్నేళ్లూ ఆయన మరిచిపోయి ఉంటాడని నమ్ముకుని బతికాను. మరిచిపోలేదు. ఒక్క రోజు కూడా ఆ మాట ఎత్తలేదు.

“తిట్టు నాయినా. ఒక్కపారన్న నన్ను తిట్టు.”

“ఏమని తిట్టాలె? నీకు తెల్వదు, నాకు తెల్వదు. తెల్వనోళ్లం ఇద్దరం ఒక్కతాన కూసున్నం, గంతే.”

నేను ఏడుస్తున్నానని చప్పుడును బట్టి తెలుసుకుని, తల నిమరడానికి చేయి చాపాడు. నేను కుడి పక్కన ఉన్నాను, ఆ చేయి ఎడమ పక్కన గాలిలో వెతుకుతోంది. లేచి అటు వెళ్లి ఆ చేతి కింద నా తల పెట్టాను.